బండి ముచ్చట: చల్లగాలి కొనేముందు ముక్కు ఎక్కడుందో చూడండి

ఈ వారం ఉత్తరం బల్కంపేట నుంచి వచ్చింది. ఉత్తరం అంటే కాగితం కాదులెండి, వాట్సాప్ మెసేజ్. రాసినబ్బాయి ఎల్లమ్మ గుడికి రెండు సందుల అవతల ఉంటాడు. నాన్న రిటైరయ్యాక వచ్చిన డబ్బుల్లోంచి సెకండ్ హ్యాండ్‌లో ఒక ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ కొన్నారు. 1.9 లీటర్ డీజిల్. వారమంతా ఈ అబ్బాయి దాని మీదే బాలానగర్ డ్యూటీకి వెళ్తాడు. ఆదివారం నాన్న, దాణా బస్తాలు, మొక్కలు వేసుకుని చేవెళ్ల దగ్గరి పొలానికి. ఆఖరి నాలుగు కిలోమీటర్లు మట్టిరోడ్డు.

ఇక అడిగిందేంటంటే, అతని మాటల్లోనే: "అన్నా, 35 వేలు దాచిపెట్టిన. కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ వేయిద్దామని. మూడు చూసిన. ఒకటి ఓపెన్ కోన్ ఫిల్టర్, లోకల్‌లో పైపు వంచి బానెట్ కిందనే పెడతానంటున్నడు, చవక. రెండోది బయటి దేశం కిట్టు, డబ్బాతో సహా వస్తది. మూడోది స్నార్కెల్. ఏది పెడితే బండి మంచిగ గుంజుతది? నాన్నకింకా చెప్పలే."

ఆఖరి వాక్యం చదివాకే ఈ వారం మొత్తం కాలమ్ దీనికే ఇచ్చేద్దామని నిర్ణయించుకున్నా.

ముందు ఈ మోజు ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. యూట్యూబ్‌లో "ట్రక్ కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్" అని కొట్టండి. వచ్చే వీడియోల్లో చాలావరకు అమెరికావే. అక్కడ ట్రక్ అంటే మన లారీ కాదు, పికప్. డల్లాస్‌లోనో అట్లాంటాలోనో ఉండే మన కజిన్ అన్నయ్యలు ఇంటి ముందు నిలబెట్టి ఫొటోలు పంపిస్తారే, ఫోర్డ్ ఎఫ్-150 లాంటివి, అవి. వాటిలో చాలా వాటికి ఐదు లీటర్ల వీ8 పెట్రోల్ ఇంజిన్ ఉంటుంది. టర్బో ఉండదు. గాలిని ఇంజిన్ తన పిస్టన్లతో తానే పీల్చుకోవాలి. అలాంటి ఇంజిన్‌కి చల్లగాలి, అడ్డంకి లేని పైపు ఇస్తే కొంత ఫలితం ఉన్నమాట నిజమే. 400 హార్స్‌పవర్ ఇంజిన్‌లో పదో పరకో పెరుగుతుంది, అదీ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఆర్‌పీఎం పైకి ఎక్కించినప్పుడు. అమీర్‌పేట మెట్రో కింద రెండో గేర్‌లో పాకేటప్పుడు కాదు.

మన దగ్గర పికప్ అంటే దాదాపుగా డీజిలే. వీ-క్రాస్ 1.9 లీటర్, 163 పీఎస్. టయోటా హైలక్స్ 2.8 లీటర్, 204 పీఎస్. మన కుర్రాళ్ల కలల బండి థార్‌లో కూడా ఎక్కువగా కనిపించేది 2.2 లీటర్ డీజిల్. అన్నిటికీ టర్బో ఉంది, ఇంటర్‌కూలర్ ఉంది. వీ-క్రాస్ అయితే మన తెలుగు నేల మీదే, తిరుపతి దగ్గరి శ్రీసిటీలో తయారవుతుంది. ఆ ఫ్యాక్టరీ 2016లో మొదలైంది. ఇక్కడి ఎండలకి, ఇక్కడి రోడ్లకి అమ్మే బండికి డల్లాస్ వీడియో చూసి మందు రాయించుకోవడం అన్నమాట.

సరే, చల్లగాలి వల్ల లాభం అనే లెక్క ఏంటో చూద్దాం. అందులో మోసమేం లేదు. గాలి చల్లబడితే చిక్కబడుతుంది, అదే చోటులో ఎక్కువ ఆక్సిజన్ పడుతుంది. పది డిగ్రీలు తగ్గితే సుమారు మూడు శాతం ఎక్కువ గాలి. 25 డిగ్రీల జనవరి పొద్దుటికీ 45 డిగ్రీల మే మధ్యాహ్నానికీ తేడా ఆరు శాతం పైనే. ఇంకో సంగతి, చాలామంది గమనించనిది: హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. అంటే అదే ఉష్ణోగ్రతలో విశాఖ బీచ్ రోడ్డు మీద దొరికే గాలి కంటే ఇక్కడి గాలి ఇంకో ఆరు శాతం దాకా పల్చన. ఏ కిట్టూ దీన్ని మార్చలేదు. టర్బోనే ఆ లోటు పూడుస్తుంది.

గాలి ఎంత కావాలో ఒక అంచనా చెప్తా. వీ-క్రాస్ ఇంజిన్ 3,000 ఆర్‌పీఎం దగ్గర, టర్బో గట్టిగా ఊదుతుంటే, నిమిషానికి సుమారు ఐదు వేల లీటర్ల గాలి మింగుతుంది. ఐదు వేల లీటర్లంటే మన హాస్టళ్ల ముందు పొద్దున్నే ఆగే వాటర్ ట్యాంకర్ నిండా. నిమిషానికొక ట్యాంకర్ గాలి! ఈ అంకె కాస్త గుర్తుంచుకోండి, దుమ్ము గురించి మాట్లాడేటప్పుడు మళ్లీ పనికొస్తుంది.

ఇప్పుడు అసలు మడతపేచీ. డీజిల్ ఇంజిన్‌లో శక్తిని నిర్ణయించేది గాలి కాదు, డీజిల్. పెట్రోల్ ఇంజిన్‌లో గాలి, పెట్రోల్ ఒక పాళ్లలో కలవాలి. గాలి పెరిగితే పెట్రోల్ పెరుగుతుంది, పవర్ పెరుగుతుంది. డీజిల్‌లో గాలి ఎప్పుడూ అవసరానికి మించే ఉంటుంది. ఒక కిలో డీజిల్ కాలడానికి పద్నాలుగున్నర కిలోల గాలి చాలు. మామూలుగా నడుస్తున్నప్పుడు లోపలికి వెళ్లేది ముప్పై కిలోలు, అంతకన్నా ఎక్కువ కూడా. పూర్తిగా తొక్కినా పద్దెనిమిది, ఇరవై దగ్గర ఉంటుంది. కడుపు నిండినోడికి ఇంకో రెండు గరిటెలు వడ్డిస్తే బలం వస్తుందా? ఈసీయూ ఎంత డీజిల్ చిమ్మాలని కంపెనీలో రాసి పంపారో అంతే చిమ్ముతుంది. గాలి మూడు శాతం పెరిగిందని సంబరపడి ఎక్కువ పోయదు.

దాని మీద టర్బో ఒకటి. టర్బో గాలిని నొక్కినప్పుడు అది వేడెక్కుతుంది, సైకిల్ పంపు అడుగు వేడెక్కినట్టే. 40 డిగ్రీల గాలి లోపలికెళ్తే బయటికొచ్చేసరికి నూరు దాటి, గట్టిగా తొక్కితే 150 దాకా పోతుంది. దాన్ని మళ్లీ చల్లార్చడానికే ముందు జాలీ వెనక ఇంటర్‌కూలర్ పెట్టారు. అంటే మన బండికి అసలైన కోల్డ్ ఎయిర్ సిస్టమ్ ఇంటర్‌కూలరే, కంపెనీవాడే ఇచ్చాడు. మనం ఫిల్టర్ దగ్గర పది డిగ్రీలు తగ్గించినా, ఇంటర్‌కూలర్ దాటాక మిగిలే తేడా రెండు మూడు డిగ్రీలే. అదే ఇంటర్‌కూలర్ రెక్కల్లో చేవెళ్ల మట్టి, పురుగులు, ప్లాస్టిక్ కవర్ ముక్క ఇరుక్కుని ఉంటే పోయేది అంతకు చాలా ఎక్కువ. గుడి దగ్గర కొత్త బండికి పూజ చేయించి, గ్రిల్ మొత్తం కప్పేసేంత బంతిపూల దండ కట్టి వారం రోజులు తిరిగేవాళ్లున్నారు. భక్తికి నేనేం అనను. దండ వాడాక తీసేయండి చాలు.

పెట్రోల్ థార్ ఉన్నవాళ్లు అడుగుతారు, మా సంగతేంటని. మీకు కొంచెం వేరు. వేడిగాలికి పెట్రోల్ ఇంజిన్ 'నాక్' కొడుతుంది కాబట్టి ఈసీయూ భయపడి పవర్ తగ్గిస్తుంది. చల్లగాలి అందితే ఎండాకాలంలో ఆ తగ్గింపు కాస్త తక్కువ. అయినా టర్బో, ఇంటర్‌కూలర్ కథ మీకూ వర్తిస్తుంది.

ఇదంతా నా మాట మీద నమ్మక్కర్లేదు. చేతిలో ఫోన్ ఉంది కదా, కొలుచుకోండి. స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్ ఉంటుంది. దానికి గుచ్చే బ్లూటూత్ డాంగిల్ కొన్ని వందల్లో దొరుకుతుంది. టార్క్ లాంటి యాప్ వేసుకుని 'ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్' తెరవండి. ఒక చిన్న చిక్కు: కొన్ని బండ్లలో ఈ అంకె ఫిల్టర్ దగ్గరిది, కొన్నిట్లో ఇంటర్‌కూలర్ దాటాకది. ఎక్కు దారిలో గట్టిగా తొక్కి చూడండి. అంకె గబగబా పెరిగితే అది టర్బో తర్వాతది. నింపాదిగా ఉంటే ఫిల్టర్ దగ్గరిది. ఔటర్ రింగ్ రోడ్డెక్కి 80 మీద పది నిమిషాలు పోనిచ్చి, బయటి ఉష్ణోగ్రతతో పోల్చండి. ఫిల్టర్ దగ్గరి అంకె బయటి కంటే ఐదారు డిగ్రీలే ఎక్కువుంటే విషయం తేలిపోయినట్టే. మీ బండికి చల్లగాలి ఇన్‌టేక్ ఆల్రెడీ ఉంది. చాలా బండ్లలో కంపెనీ డబ్బా మూతి హెడ్‌లైట్ వెనకో, ఫెండర్ సందులోనో, జాలీ పైనో ఉండి బయటి గాలినే పీలుస్తుంది. నల్లగా, ప్లాస్టిక్‌గా, బోరింగ్‌గా ఉంటుంది కాబట్టి మనకు ఆనదు.

ఇప్పుడు తమ్ముడి మూడు ఆప్షన్లకి వద్దాం.

ఓపెన్ కోన్‌ని ముందే కొట్టేస్తున్నా. కంపెనీ డబ్బా పీకేసి, బానెట్ కింద ఒక మెరిసే కోన్ తగిలిస్తారు. ఇది చల్లగాలి ఇన్‌టేక్ కాదు, వేడిగాలి ఇన్‌టేక్. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర మే నెల్లో పదిహేను నిమిషాలు ఇరుక్కుంటే బానెట్ కింద 60, 70 డిగ్రీలుంటుంది. కోన్ ఆ గాలినే పీలుస్తుంది. కానీ బండి వేగంగా వెళ్తున్నట్టే అనిపిస్తుంది. ఎందుకంటే డబ్బా మింగేసే శబ్దమంతా ఇప్పుడు బయటికొస్తుంది, టర్బో ఊళ వినిపిస్తుంది. చెవికి పవర్ పెరుగుతుంది. ఆ సౌండ్ కోసమే కావాలంటే సౌండ్ కోసమే అని చెప్పి కొనుక్కోండి, అందులో తప్పేం లేదు. దానికి 'పర్ఫార్మెన్స్' అని పేరు పెట్టి నాన్నని ఒప్పించొద్దు.

లోకల్‌గా వంచే పైపులో ఇంకో ప్రమాదం ఉంది. ఇది తెలిసి వంచేవాళ్లు తక్కువ. ఫిల్టర్ దాటగానే పైపులో ఎంఏఎఫ్ సెన్సర్ ఉంటుంది. లోపలికెళ్లే గాలెంతో అది కొలుస్తుంది. నిజానికి అది కొలిచేది తన మీదుగా గాలి ఎంత జోరుగా పోతోందన్నది. పైపు వ్యాసం ఇంత అని ఈసీయూకి ముందే తెలుసు కాబట్టి దాన్నిబట్టి మొత్తం లెక్కగడుతుంది. మీరు లావు పైపు పెడితే గాలి జోరు తగ్గుతుంది. ఈసీయూ ఏమనుకుంటుంది? గాలి తక్కువొస్తోంది, పొగ వస్తుందేమో, డీజిల్ తగ్గిద్దాం అనుకుంటుంది. లావు పైపు పెట్టించుకుని పవర్ పోగొట్టుకున్నవాళ్లు ఇలాగే పోగొట్టుకుంటారు. బీఎస్6 బండ్లలో ఈజీఆర్, డీపీఎఫ్ కూడా ఇదే సెన్సర్ మాట వింటాయి. లెక్క తప్పితే చెక్ ఇంజిన్ లైటు, షోరూమ్ మెట్లు.

రెండోది, డబ్బాతో వచ్చే కిట్టు. ఇది కొంచెం మర్యాదస్తుడు. మూత గట్టిగా ఉండి, మూతి బయటి గాలికి తెరుచుకుని, సెన్సర్ కూర్చునే చోటు వ్యాసం కంపెనీ కొలతే ఉంటే కనీసం హాని తక్కువ. ఇక్కడ అసలు ప్రశ్న లోపలి ఫిల్టర్ ఏ రకం అన్నది. ఈ లోకంలో పెద్ద పేరు కే అండ్ ఎన్. 1969లో కాలిఫోర్నియాలో మొదలైన కంపెనీ, నూనె పట్టించిన నూలు గాజు ఫిల్టర్లతో పేరు తెచ్చుకుంది. ఆ రకం ఫిల్టర్ కడిగి, ఆరబెట్టి, మళ్లీ నూనె పట్టించి ఏళ్ల తరబడి వాడొచ్చు. చిక్కల్లా ఆ నూనె దగ్గరే. తక్కువైతే దుమ్ము జారిపోతుంది, ఎక్కువైతే ఆ నూనె తుంపర వెళ్లి ఎంఏఎఫ్ సెన్సర్ మీద పూత పడుతుంది. కొలిచి పట్టించే ఓపిక మనలో ఎంతమందికుంది? నూనె అక్కర్లేని డ్రై రకం కూడా ఉంది. పెట్టుకుంటానని పంతం పడితే అదే నయం.

దుమ్ము గురించి ఎందుకింత పట్టుబడుతున్నానంటే, మనది రాతి నేల. ఈ ఊళ్లో ఎక్కడ పునాది తవ్వినా గ్రానైట్ బండే. ఆ బండని పేల్చి, కోసి, పొడి చేసి గాల్లో కలుపుతున్నాం. గ్రానైట్‌లో ఉండే క్వార్ట్జ్ రేణువు ఇంజిన్ లోపలి ఇనుము కంటే గట్టిది. కంటికి కనపడే ఇసుక రేణువుని ఎలాంటి ఫిల్టరైనా ఆపుతుంది. చంపేవి కనపడనివి. ఐదు నుంచి ఇరవై మైక్రాన్లవి, అంటే వెంట్రుకలో పదో వంతు, నాలుగో వంతు. అవి పిస్టన్ రింగుకీ గోడకీ మధ్య ఉండే పల్చటి నూనె పొరలో సరిగ్గా ఇరుక్కుంటాయి. గరుకు కాగితంతో రుద్దినట్టు రుద్దుతూనే ఉంటాయి. టర్బో రెక్కల అంచులనూ అవే తింటాయి. నిమిషానికో ట్యాంకర్ గాలి అన్నాను కదా. 99.5 శాతం ఆపే ఫిల్టర్‌కీ 98 శాతం ఆపే ఫిల్టర్‌కీ తేడా ఒకటిన్నర శాతమే కదా అనిపిస్తుంది. లోపలికి జారేదాన్ని లెక్కేయండి. సగం శాతం ఎక్కడ, రెండు శాతం ఎక్కడ? నాలుగింతలు! ఫిల్టర్ల దుమ్ము పరీక్షకి ఐఎస్ఓ 5011 అని అంతర్జాతీయ ప్రమాణం ఉంది. కిట్టు అమ్మేవాణ్ని ఆ రిపోర్ట్ అడగండి. పవర్ గ్రాఫ్ చూపించేవాడు ఎక్కువ, ఈ కాగితం చూపించేవాడు తక్కువ.

కంపెనీ కాగితం ఫిల్టర్‌కి ఒక మంచి గుణం ఉంది. కాస్త దుమ్ము పట్టాక ఇంకా బాగా వడగడుతుంది, పట్టిన దుమ్మే ఇంకో పొర అవుతుంది కాబట్టి. ప్రతి వారం తీసి ఎయిర్ గన్‌తో ఊదేవాళ్లు మంచి చేస్తున్నామనుకుంటారు. దగ్గర్నుంచి గట్టిగా ఊదితే కాగితంలో సూదిమొన చిల్లులు పడతాయి. కంటికి కనపడవు, క్వార్ట్జ్‌కి దారి దొరుకుతుంది.

నిజమైన ట్రక్కులవాళ్లు, అంటే లారీలవాళ్లు, ఈ పాఠం ఎప్పుడో నేర్చుకున్నారు. సనత్‌నగర్ పారిశ్రామికవాడ వైపు వెళ్లే ఏ లారీనైనా ఓసారి పక్క నుంచి చూడండి. చాలా వాటికి క్యాబిన్ వెనక, మనిషెత్తు దాటి, నిటారుగా నల్లటి గొట్టం ఒకటి ఉంటుంది. అది పొగ గొట్టం కాదు, గాలి పీల్చే ముక్కు. ఇంజిన్ వేడికి దూరం, చక్రాలు లేపే దుమ్ముకి పైన, నీళ్లకి అందనంత ఎత్తు. పాత టాటాలు, లేలాండ్లలో లోపల నూనె తొట్టి ఫిల్టర్లుండేవి. ఇప్పటి పెద్ద బండ్లలో రెండు కాగితం ఫిల్టర్లు ఒకదాని లోపల ఒకటి ఉంటాయి, బయటిది చిరిగినా లోపలిది కాపాడేలా. ఫిల్టర్ మూసుకుపోతే ఎర్ర గీత చూపించే చిన్న ఇండికేటర్ కూడా చాలా వాటికి ఉంటుంది. డ్రైవర్ ఎర్ర గీత కనపడితేనే ముట్టుకుంటాడు. లక్షల కిలోమీటర్లు నడవాల్సిన బండికి కంపెనీలు ఎంచుకున్నది ఇది. మెరిసే కోన్ కాదు.

ఇక నీళ్లు. బల్కంపేట వాళ్లకి నీళ్ల సంగతి నేను చెప్పాలా? అమ్మవారే నేలమట్టానికి దిగువన, బావిలో వెలసిన ఊరు మీది. గట్టి వాన గంట కురిస్తే అండర్‌పాస్‌లో నీళ్లు నిలుస్తాయి. తమ్ముడు బాలానగర్ వెళ్లాలంటే దారి అదే. 2020 అక్టోబరు 13 రాత్రి ఈ నగరంలో కార్లు పడవల్లా తేలడం మనమంతా ఫోన్లలో చూశాం.

కొన్ని కోల్డ్ ఎయిర్ కిట్లు మూతిని ఎక్కడ పెడతాయో తెలుసా? చల్లగాలి కోసమని కిందికి, బంపర్ వెనక, ఫెండర్ అడుగున. ఎండలో అక్కడ నిజంగానే గాలి చల్లగా ఉంటుంది. వానలో అక్కడే నీళ్లుంటాయి. మోకాలి లోతు నీళ్లలోకి దిగితే, ఎదురుగా ఆర్టీసీ బస్సు ఒక అల తోస్తే, ఇంజిన్ గాలికి బదులు నీళ్లు మింగుతుంది. గాలిని నొక్కొచ్చు, నీటిని నొక్కలేం. ఈ సైజు డీజిల్ ఇంజిన్‌లో పిస్టన్ పూర్తిగా పైకొచ్చినప్పుడు పైన మిగిలే ఖాళీ సుమారు ముప్పై సీసీ. ఇరానీ చాయ్ కప్పులో మూడో వంతు. అంతకన్నా ఎక్కువ నీళ్లు ఒక్క సిలిండర్‌లోకి పోతే పిస్టన్ ఆగిపోతుంది, కింద క్రాంక్ ఆగదు. మధ్యలో కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. దీన్నే హైడ్రోలాక్ అంటారు. బిల్లు లక్షల్లోకి పోయే రిపేర్ ఇది, రిటైర్‌మెంట్ డబ్బుతో కొన్న బండికి.

పైగా మామూలు కాంప్రిహెన్సివ్ పాలసీలో హైడ్రోలాక్ సాధారణంగా కవర్ కాదు. 'ఇంజిన్ ప్రొటెక్ట్' అనే యాడ్-ఆన్ విడిగా తీసుకోవాలి. అది ఉన్నా, ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా ఇన్‌టేక్ మార్చి ఉంటే సర్వేయర్ ముందు అడిగేది దాని గురించే. నీళ్లలో బండి ఆగిపోతే ఒకటే సూత్రం: మళ్లీ స్టార్ట్ చేయొద్దు. చాలా ఇంజిన్లు ఆ రెండో సెల్ఫ్ దగ్గరే చచ్చిపోతాయి. దిగి, నెట్టించి, టో చేయించండి. అసలు అండర్‌పాస్‌లో నీళ్లు ఎంతున్నాయో తెలియనప్పుడు ఏ బండితోనూ దిగొద్దు. బండి సంగతి తర్వాత, మనిషి సంగతది.

మరి స్నార్కెల్? లారీ ముక్కుకి తమ్ముడే అది. ఆలోచన మంచిదే. కప్పు ఎత్తున గాలి చల్లగా ఉంటుంది, మట్టిరోడ్డు మీద ముందు బండి లేపే దుమ్ము తక్కువ. కానీ మార్కెట్లో దొరికే చాలా స్నార్కెల్‌లు అలంకారాలే. పైన గొట్టం ఉంటుంది, కింద పాత మూతి అలాగే తెరిచి ఉంటుంది, లేదా అతుకుల దగ్గర టేపు చుట్టి ఉంటుంది. కింద ఒక్క సందున్నా నీళ్లకి గొట్టం ఎత్తుతో పనిలేదు. ఫిల్టర్ డబ్బా అడుగున నీళ్లు కారడానికి చిన్న రబ్బరు వాల్వ్ ఉంటుంది, దాన్ని కూడా చూసుకోవాలి. ఇంకోటి, స్నార్కెల్ పెట్టినంత మాత్రాన బండి జలాంతర్గామి కాదు. థార్‌కి కంపెనీ చెప్పిన నీటి లోతు 650 మిల్లీమీటర్లు, హైలక్స్‌కి 700. రెండడుగుల పైచిలుకు, అంతే. కరెంటు వైర్లు, గేర్‌బాక్స్ శ్వాస గొట్టాలు, తలుపుల రబ్బర్లు, అన్నీ ఆ లోతుకే లెక్క. స్నార్కెల్ పెట్టాలంటే ఫెండర్‌కి రంధ్రం కోయాలి. ఆ కోసిన అంచుకి తుప్పు మందు వేయకపోతే మూడు వానాకాలాల్లో తెలుస్తుంది.

చట్టం గురించి గబగబా. 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిందేంటంటే, తయారీదారు ఇచ్చిన, ఆర్‌సీలో నమోదైన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని. అదే ఏడాది మోటారు వాహనాల చట్టానికి వచ్చిన సవరణలో, అనుమతి లేని మార్పుకి యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి ఐదు వేల జరిమానా, లేదా రెండూ అని పెట్టారు. ఎయిర్ ఫిల్టర్ బ్రాండ్ పేరు ఆర్‌సీలో ఉండదు కాబట్టి అదే డబ్బాలో వేరే ఫిల్టర్ వేస్తే ఎవరూ పట్టించుకోరు. పైపులు మార్చి, పొగ, శబ్దం పెంచితే మాత్రం అది వేరే కథ. అమెరికా అన్నయ్యలకి కూడా అన్నీ ఫ్రీ కాదు. కాలిఫోర్నియాలో ఇన్‌టేక్ కిట్టుకి అక్కడి వాయు కాలుష్య బోర్డు ఇచ్చిన అనుమతి నంబర్ ఉంటేనే రోడ్డు మీద వాడాలి. వారంటీలో ఉన్న బండ్లకైతే టర్బో పోయినప్పుడు సర్వీస్ సెంటర్ మొదట చూసేది ఇన్‌టేక్ వైపే.

కాబట్టి తమ్ముడూ, నీ 35 వేలకి నా లెక్క ఇది. మూడింట్లో ఏదీ ఇప్పుడు వద్దు. సెకండ్ హ్యాండ్ బండి కదా, ముందు ఫిల్టర్ డబ్బా తెరువు. లోపల ఉన్న ఫిల్టర్ కంపెనీదేనా, సరిగ్గా కూర్చుందా, క్లిప్పులన్నీ ఉన్నాయా చూడు. ఫిల్టర్ తీసి, ఇంజిన్ వైపు వెళ్లే పైపు లోపల ఒక తెల్లగుడ్డతో తుడువు. గుడ్డకి మట్టి అంటిందా, పాత ఓనర్ హయాంలోనే దుమ్ము లోపలికి పోతోందన్నమాట. దాని సంగతి ముందు తేల్చుకో. కొత్త కంపెనీ ఫిల్టర్ వేయించు. పెద్ద ఖర్చు కాదు. మాన్యువల్‌లో దుమ్ము ప్రాంతాలకి విడిగా ఒక గడువు రాసి ఉంటుంది, నీకు వర్తించేది అదే, మామూలు గడువు కాదు. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి, అక్కణ్నుంచి ఇంజిన్‌కి వెళ్లే రబ్బరు హోస్‌లు చేత్తో నొక్కి, పగుళ్లు, నూనె తడి ఉన్నాయేమో చూడు. బండి గుంజట్లేదని వచ్చే డీజిల్ బండ్లలో చాలా వాటికి జబ్బు అక్కడే ఉంటుంది. ఇంటర్‌కూలర్ రెక్కలని తక్కువ ప్రెషర్ నీళ్లతో, వెనక నుంచి ముందుకి కడిగించు. ఇంత చేసినా దాచిన డబ్బులో చాలా భాగం మిగులుతుంది. ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ లేకపోతే రెన్యువల్‌లో తీసుకో. టైర్లు అరిగి ఉంటే మిగతాది వాటికి పెట్టు, మట్టిరోడ్డు మీద గుంజేది అవే.

ఏడాది తర్వాత కూడా స్నార్కెల్ మీద మనసుంటే, నీ మోడల్ కొలతకే చేసినది, కింద డబ్బాతో గట్టిగా అతుక్కునేది చూసి, ఫిట్టింగ్ అయ్యాక ఒక పరీక్ష చెయ్యి. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఒక చదునైన రబ్బరు షీట్‌తో గొట్టం పైమూతిని పూర్తిగా మూయించు. అతుకులన్నీ బిగువుగా ఉంటే ఇంజిన్ కొన్ని క్షణాల్లో ఊపిరాడక ఆగిపోవాలి. హాయిగా నడుస్తూనే ఉందంటే గాలి ఇంకెక్కడి నుంచో వస్తోంది. అండర్‌పాస్‌లో నీళ్లూ అక్కణ్నుంచే వస్తాయి. ఫిట్టర్‌కి డబ్బులిచ్చేది ఈ పరీక్ష అయ్యాకే.

ఈలోగా ఓబీడీ డాంగిల్ తెచ్చి, ఓఆర్‌ఆర్ మీదొకసారి, అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఒకసారి ఇన్‌టేక్ టెంపరేచర్ స్క్రీన్‌షాట్లు తీసి పంపు. మిగతా పికప్, థార్ ఓనర్లు కూడా పంపండి. బండి పేరు, ఏ నెల, బయట ఎంత డిగ్రీలు అన్నది రాయండి, వచ్చే నెల అన్నీ పక్కపక్కన పెట్టి చూద్దాం. డాంగిల్ కొన్న సంగతైనా నాన్నకి చెప్పు, ఆయన ఫోన్‌లో కూడా యాప్ వేసివ్వు.